ఏడాదికోసారి కడుగుడు

మా తాత ఒంట్లో నెత్తురు కొట్టే జోరుకి చక్రాలు తగిలించి పట్టాల మీద పెడితే, రైలుబండిని రెండు స్టేషన్ల దూరం అవలీలగా లాక్కుపోతుంది. నమ్మకపోతే మీ ఇష్టం. ఆసుపత్రిలో ఆయన చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టిన నర్సు, అంకె చూసి మిషను పాడైందనుకుని ఇంకోటి తెచ్చింది. అదీ అదే అంకె చెప్పింది. మూడోదాని కోసం ఆవిడ లేస్తుంటే తాతే ఆపాడు.

"ముల్లు సరిగ్గానే ఉందమ్మా. పాడైంది నేను."

ముళ్ళ విషయంలో ఆయన మాటే ఆఖరిది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ముల్లు చూసే కూడు తింటున్నాడు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఉతికే కార్ఖానాలో ఆయన బాయిలరు మేస్త్రి. అక్కడ ఒక హాల్లో ఉతికే మిషన్లు, ఇంకో హాల్లో ఇస్త్రీ రోలర్లు, వెనకాల రెండింటికీ ఆవిరి పంపే బాయిలరు గది ఉంటాయి. ఇస్త్రీ హాలుకీ బాయిలరుకీ మధ్య ఒక్కటే గోడ. గోడకి ఇటు తాత, అటు నలభై మంది ఆడవాళ్ళు. ఆవిరి ఒత్తిడి చూపే గేజీ మీద ముల్లు ఏడు దగ్గర నిలబడాలి. ఐదుకి పడితే దుప్పట్ల ముడతలు పోవు. పది దాటితే పైనున్న సేఫ్టీ వాల్వు కూత పెట్టి ఆవిరి వదిలేస్తుంది. తాత గేజీ అద్దం మీద వేలి గోటితో రెండుసార్లు తట్టి, తల ఒక పక్కకి వంచి, ముల్లు నిజం చెబుతోందో అబద్ధం చెబుతోందో తేల్చేవాడు. అందుకే అందరూ ఆయన్ని ముల్లు మేస్త్రి అన్నారు. గుచ్చే నోరు కూడా ఉంది కాబట్టి పేరు రెండు విధాలా అతికింది.

ఇంట్లో కుక్కరు మీద కూడా ఆయనదే పెత్తనం. మూడో కూతకి అమ్మమ్మ పొయ్యి కట్టెయ్యబోతే, "ఆగు, అది కూత కాదు, దగ్గు" అనేవాడు.

ఇంత తెలిసినవాడు ఇంత తెలివితక్కువ పని ఎలా చేశాడంటే, అంత తెలిసినందువల్లే చేశాడు.

బాయిలరు దగ్గర పనిచేసేవాడికి ఏటా ఒంటి పరీక్ష ఉంటుంది. డాక్టరు సంతకం పెట్టిన కాగితం లేకపోతే ఆ గది గడప తొక్కనివ్వరు. మూడేళ్ళ కిందటి పరీక్షలో ఆయనకి బీపీ ఎక్కువుందన్నారు, నెత్తుట్లో చెడ్డ కొవ్వు కూడా ఎక్కువుందన్నారు. ఒకదానికో మాత్ర, ఇంకోదానికో మాత్ర రాసిచ్చారు. నెల తర్వాత మళ్ళీ చూస్తే రెండూ దిగాయి, కాగితం చేతికొచ్చింది. ఇక తాత బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. బాయిలరు గొట్టాల్లో నీళ్ళలోని సుద్ద పేరుకుంటుంది. ఏడాదికోసారి, తనిఖీకి నెల ముందు, యాసిడ్ కలిపిన నీళ్ళు తిప్పి దాన్ని కడిగేస్తారు. మిగతా పదకొండు నెలలు రోజూ యాసిడ్ పోస్తే మంచి ఇనుము కూడా కరిగిపోతుంది. ఒంటి గొట్టాలైనా అంతే కదా! పరీక్షకి నెల ముందు మాత్రలు వేసుకోవాలి, కాగితం రాగానే ఆపెయ్యాలి.

ఇది ఆయన ఎవరితోనూ అనలేదు. అమ్మమ్మ రోజూ పొద్దున రెండు మాత్రలు కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో పెట్టేది. ఆ కాగితాలు ఎక్కడివంటే, ఒక మనవరాలు తొమ్మిదో తరగతిలో బడికి దణ్ణం పెట్టేశాక మిగిలిపోయిన లెక్కల నోటుపుస్తకాలవి. తాత పనికి పోయి ఆ పొట్లాన్ని పొట్లంగానే, వాషర్లు వేసుకునే పాత పెయింటు డబ్బాలో పడేసేవాడు. అలా రెండు కడుగుళ్ళు జరిగాయి. రెండుసార్లూ కాగితం వచ్చింది. మూడోదానికి ఇంకా వారం ఉందనగా జరిగింది ఈ సంగతి.

పొద్దున పదింటికి తాత గేజీ ముందు నిలబడి టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పడింది. జారినట్టు ఆయనకి తెలియలేదు, పగిలిన చప్పుడుకి తెలిసింది. కిందికి చూశాడు. గ్లాసు పట్టుకున్న వేళ్ళు ఇంకా గ్లాసు పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. తలెత్తేసరికి బాయిలరు పక్కనున్న గాజు గొట్టం కనబడింది. లోపల నీళ్ళెంత ఉన్నాయో అందులో తెలుస్తుంది. సగానికి ఉండాల్సిన నీళ్ళు అడుక్కి జారుతున్నాయి. నీళ్ళు తగ్గితే దానంతటదే మంట ఆపే ఏర్పాటు ఒకటుంది. అది ఎక్కడో సుద్దకి ఇరుక్కుపోయింది. నీళ్ళు పూర్తిగా పోతే లోపలి ఇనుము ఎర్రగా కాలుతుంది. ఆ తర్వాత గోడ ఉండదు. గోడకి అటూ ఇటూ ఎవరూ ఉండరు.

మంట ఆపే ఎర్ర బొత్తాం ఆయన కుడి చేతికి మూరెడు దూరంలో ఉంది. ఎత్తు, అన్నాడు చేతితో. ముప్పై ఎనిమిదేళ్ళుగా చెప్పకముందే లేచే చెయ్యి అది. ఇప్పుడు తడిసిన తువ్వాలులా భుజానికి వేలాడుతోంది.

సరిగ్గా అప్పుడే, మేం ఇస్త్రీ అత్త అని పిలిచే ఆవిడ తలుపు తోసుకొచ్చింది. ఇస్త్రీ హాలుకి పెద్ద ఆవిడే. తాత కంటే పదేళ్ళు చిన్నదైనా నోట్లో ఆయనకేమీ తీసిపోదు.

"అన్నయ్యా, ఆవిరి తూలుతోందేంటి? నిద్రపోతున్నావా?"

నీళ్ళు తగ్గాయి అని చెప్పాలనుకున్నాడు తాత. ఆ మాట బుర్రలో స్పష్టంగా ఉంది.

"దుప్పటి," అన్నాడు. "దుప్పటి తగ్గింది."

"దుప్పటి తగ్గడమేంటి? పొద్దున్నే వేళాకోళమా?"

"దుప్పటి ఆపు! దుప్పటి!"

"నేనాపితే ఎవరు చేస్తారు, మా వదినొచ్చి చేస్తుందా?" అని నవ్వబోయి ఆగిపోయింది. తాత నోరు కుడి కొస కిందికి జారి ఉంది. కళ్ళు మాత్రం ఆవిడ మీద లేవు, గాజు గొట్టం మీదే ఉన్నాయి. ఆవిడకి బాయిలరు తెలియదు, కానీ ఆ కళ్ళు చూసి తనూ గొట్టం వైపు తిరిగింది.

తాతకి ఇక మాటలతో పనిలేదనిపించింది. ఎడమ కాలి మీద ఒళ్ళంతా తిప్పుకుని గోడకేసి పడ్డాడు. పడుతూ పడుతూ ఎడమ అరచెయ్యి చాచి ఎర్ర బొత్తాం మీద గుద్దాడు. లోపల మంట ఠక్కున ఆరింది. రోలర్లు ఆగినట్టున్నాయి, గోడ అవతల ఆడవాళ్ళ కేకలు మొదలయ్యాయి. గాజు గొట్టంలో ఒక్క వేలెడు నీళ్ళు మిగిలాయి.

పావుగంట సిమెంటు గచ్చు మీద గోడకానుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ అత్త ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూనే ఉంది. ముందు చిటికెన వేలు కదిలింది, తర్వాత అన్నీ కదిలాయి. మాటల్లో మొదట తిరిగొచ్చింది ఒక బూతు. అది ఇక్కడ రాయను.

"పద ఆసుపత్రికి," అందావిడ.

"దేనికి? చెయ్యి తిమ్మిరెక్కింది."

"తిమ్మిరెక్కితే నోరు వంకర పోతుందా?"

"నీ మొహం చూసి పోయింది. ఫో, వెళ్ళి నీ పని చూసుకో. ఇది ఎవరితోనైనా అన్నావో, నాకు ఈ ఏడు కాగితం రాదు. తెలిసిందా? నన్ను ఈ గదిలోకి రానివ్వరు."

ఆవిడ వెళ్ళినట్టే వెళ్ళి తలుపు సందులోంచి చూసింది. తాత పెయింటు డబ్బా తీశాడు. పొట్లాలు విప్పి నాలుగు రోజుల మాత్రలు ఒకే కాగితంలోకి వంచాడు. ఈ ఏడు సుద్ద మరీ గట్టిగా పట్టింది, యాసిడ్ చిక్కగా పోయాలి. అదీ ఆయన లెక్క. నోటి దాకా తెచ్చి ఆగాడు. పరగడుపున వద్దు, అన్నం తిన్నాక మింగుదామని పొట్లం జేబులో పెట్టుకున్నాడు.

ఇరుక్కున్నదాన్ని విప్పించి, బాయిలరు పూర్తిగా చల్లారాకే నీళ్ళు పెట్టించి, ఇంకో మేస్త్రికి అప్పజెప్పి, మూడింటికి ఇంటికొచ్చాడు. దారంతా కుడి చేతి వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ నడిచాడట. బాగానే ఉంది చెయ్యి. బాగానే ఉండటమే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. తప్పు ఎక్కడుందో కనబడని బాయిలరంటే ఆయనకి మొదట్నుంచీ గిట్టదు. ఎడమ చెయ్యి ఉంది కాబట్టి ఇవాళ సరిపోయింది. ఈసారి రెండూ లేవకపోతే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా జేబు తడుముకున్నాడు.

అన్నం తిన్నాడు. మంచినీళ్ళ గ్లాసు ముందు పెట్టుకున్నాడు. పొట్లం బయటికి తీశాడు. వీధి తలుపు దబదబా మోగింది.

ఇస్త్రీ అత్త వచ్చింది. చంకలో పెయింటు డబ్బా ఉంది.

"వదినా, ఇది నీదేనా చూడు," అని డబ్బాని నట్టింట్లో బోర్లించింది. వాషర్లు గలగలా దొర్లి మంచం కిందికి పోయాయి. వాటి వెనక పొట్లాలు పడ్డాయి. పడుతూనే ఉన్నాయి. గచ్చు మీద కుప్పయింది. పొట్లాల మీద లెక్కలు, లెక్కల పక్కన ఎర్ర సిరా సున్నాలు. మనవరాలి చదువు ఆ రకంగా కూడా బజార్న పడింది.

అమ్మమ్మ వంగి ఒకటి విప్పింది. రెండు మాత్రలు. ఇంకొకటి విప్పింది. రెండు మాత్రలు. కుప్పంతా చూసింది.

"ఇవి నేను కట్టిచ్చినవి."

తాత వంగి కాలి దగ్గర పడ్డ వాషరొకటి ఏరుకున్నాడు.

"తెల్లారకుండా లేచి, చేతులు కడుక్కుని, పొట్లాలు కట్టి జేబులో పెట్టానే! బీపీ మీకనుకున్నాను. బాయిలరుకా?"

"నీకు తెలియదే, ఊరుకో. దానికో పద్ధతుంది," అని తాత సుద్ద, యాసిడ్, నెల ముందు కడుగుడు, అన్నీ విడమరిచి చెప్పాడు. చెబుతుంటే ఎప్పటిలాగే గొంతులో కాస్త గర్వం కూడా వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

"పొద్దున ఈయన నీళ్ళని దుప్పటి అన్నాడు వదినా. చెయ్యి పడిపోయింది. నోరు వంకరపోయింది," అంది ఇస్త్రీ అత్త.

అమ్మమ్మ చేతిలో పొట్లం కింద పెట్టేసింది. వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడు మాట సరిగ్గా వస్తోందా మీకు? నా పేరు చెప్పండి."

తాత నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. నలభై నాలుగేళ్ళలో ఆయన అమ్మమ్మని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఏమేవ్ అంటే ఆవిడ పలికేది. ఇప్పుడు ఆ మాట రోగంతో రావట్లేదో, అలవాటు లేక రావట్లేదో ఆయనకే తేలలేదు. చెమట పట్టింది.  చివరికి చెప్పాడు, కొత్త పెళ్ళికొడుకులా. సరిగ్గానే చెప్పాడు. అమ్మమ్మ ఒక్క క్షణం సిగ్గుపడింది, వెంటనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"చూశారుగా, బాగానే ఉన్నాను. పరీక్ష అయిపోనివ్వండి, తర్వాత మీరెక్కడికంటే అక్కడికి వస్తాను," అని తాత గ్లాసు అందుకున్నాడు. ఇంకో చేతిలో పొట్లం ఉంది.

ఇస్త్రీ అత్త అరవలేదు. ఆవిడ అరవకపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"అన్నయ్యా, ఒక్క ముక్క చెప్పు. రేపు పొద్దున నువ్వు గోడకి ఇటు ఉంటావు. నేను అటు రోలరు దగ్గర ఉంటాను, నాతో పాటు మిగతా వాళ్ళుంటారు. నేను రేపు పనికి రావాలా, వద్దా?"

తాత ఆవిడకేసి చూశాడు. రా అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క అక్షరం. ఆ అక్షరం బుర్రలో ఉంది, నోటి దాకా వచ్చింది, నాలుక కూడా బాగానే ఆడుతోంది. కానీ గాజు గొట్టంలో మిగిలిన ఆ వేలెడు నీళ్ళు కళ్ళ ముందు నిలబడ్డాయి. ఇంకో మేస్త్రి ఎవడైనా ఇలా చెయ్యి పడిపోయి లేచి, మర్నాడు గేజీ ముందు నిలబడతానంటే తాత మెడ పట్టి గెంటేవాడు.

గ్లాసు కింద పెట్టాడు. పొట్లం అమ్మమ్మ చేతిలో పెట్టాడు.

"నా చెప్పులేవీ?" అన్నాడు.

ఆసుపత్రిలో ముల్లు సంగతి ముందే చెప్పాను. పైది రెండొందల నాలుగు, కిందది నూట పదహారు. నెత్తురు తీశారు. తలకీ మెడకీ స్కానింగు చేశారు. డాక్టరమ్మ చిన్న పిల్ల, తాత ఉద్యోగమంత వయసు కూడా ఉండదు. మెడ బొమ్మని వెలుగు పెట్టె మీద చూపించి అడిగింది.

"మాత్రలు మానేసి ఎన్నాళ్ళయింది పెద్దాయనా?"

"మానెయ్యలేదు. ఏడాదికి నెల వేస్తాను." మళ్ళీ సుద్ద, యాసిడ్ కథంతా చెప్పాడు.

ఆవిడ నవ్వుతుందేమోనని ఆయన అనుకున్నాడు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"మీ గొట్టం ఇనుముది. సుద్ద దాని మీద పడుతుంది, కడిగితే పోతుంది. ఒంట్లో గొట్టం కండది, ప్రాణమున్నది. నెత్తురు గట్టిగా కొట్టీ కొట్టీ దాని లోపలి పొర దెబ్బతింటుంది. దెబ్బతిన్న చోట చెడ్డ కొవ్వు గోడలోకే దూరిపోతుంది. మీద కాదు, గోడ లోపల. అక్కడ వాచి గట్టిపడుతుంది. గోడ బిరుసెక్కుతుంది, దారి సన్నబడుతుంది. మీకు మెడలో ఎడమ పక్క దారి ఇంచుమించు సగం మూసుకుంది. పొద్దున దాని మీద పొర చిట్లి, చిన్న నెత్తుటి గడ్డ ఊడి మెదడులోకి పోయింది. కుడి చేతినీ మాటనీ నడిపే చోట అడ్డం పడింది. మీ అదృష్టం, కరిగింది."

"కరక్కపోతే?"

"ఈ ప్రశ్న మీరు అడగగలిగేవారు కాదు."

 తాత ఆ బొమ్మని గోరుతో రెండుసార్లు తట్టాడు.

"మరి కూత ఏదమ్మా? పది దాటితే కూత పెట్టాలి కదా. మూడేళ్ళుగా ఒక్క తలనొప్పి లేదు నాకు."

"దీనికి కూత ఉండదు."

ఆ మాట దగ్గర తాత చితికిపోయాడు. సేఫ్టీ వాల్వు లేని బాయిలర్ని తన జన్మలో వెలిగించలేదు ఆయన. అలాంటిదాన్ని చొక్కా కింద పెట్టుకుని మూడేళ్ళు తిరిగాడు.

"కానీ నెల వేసుకుంటే ముల్లు దిగేదే?" అన్నాడు, ఆఖరి ప్రయత్నంగా.

"దిగేది. ఎందుకంటే మాత్ర పట్టుకుని ఉంచింది. అది కడిగేది కాదు పెద్దాయనా, పట్టుకునేది. మీరు వదిలేశారు, అదీ వదిలేసింది. కొవ్వు మాత్రా అంతే. రోజూ పడితే గోడలో ఉన్నది పెరక్కుండా, చిట్లకుండా చూస్తుంది."

తాత మెల్లగా తలూపాడు. "అయితే యాసిడ్ కాదు. డ్యూటీ."

"డ్యూటీయే. సెలవు లేని డ్యూటీ."

అప్పుడు అమ్మమ్మ పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు రోజులవి ఒకే కాగితంలో ఉన్నవి చూసి డాక్టరమ్మ మొహం మారింది. "ఇవి ఒకేసారి మింగారా?"

"మింగబోయాడు," అంది ఇస్త్రీ అత్త.

"మింగి ఉంటే బీపీ ఒక్కసారిగా పాతాళానికి పడిపోయేది. ఆ జోరుకి అలవాటు పడ్డ మెదడుకి నెత్తురు అందేది కాదు. పొద్దున తప్పించుకున్నది సాయంత్రం మీరే పిలుచుకునేవారు."

అమ్మమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. నలుగురిలో పట్టుకోవడం అదే మొదలు. తాత విడిపించుకోలేదు. ఆయన అడగాల్సింది ఇంకోటి ఉంది, అది అడగకుండా ఉండలేడు.

"వచ్చే నెల ఇరవయ్యో తారీకుకి నాకు కాగితం..."

"నేనివ్వను పెద్దాయనా. ఇంకెవర్నీ ఇవ్వనివ్వను కూడా."

"మంచిది," అన్నాడు. ఇస్త్రీ అత్తకేసి తిరిగి, "రేపు పనికి పో," అన్నాడు. అంతే, ఆసుపత్రి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆరు రోజులుంచి పంపారు. ఇంట్లో ఉప్పు సగానికి తగ్గింది, వేపుళ్ళు మాయమయ్యాయి, సాయంత్రం నడక వచ్చి పడింది. కత్తి పెట్టాల్సిన పని ఇప్పటికి లేదట. ఆరు నెలలకోసారి మెడ చూపించుకోవాలి. ఇంటికొచ్చిన మర్నాడు కార్ఖానాకి పోయి, కొత్త మేస్త్రికి బాయిలరు అలకలూ దగ్గులూ అన్నీ అప్పజెప్పి వచ్చాడు. గది లోపలికి మాత్రం వెళ్ళలేదు. గడప ఇవతల నిలబడే చెప్పాడట. ఈ మాట ఇస్త్రీ అత్త చెబితే తెలిసింది, ఆయన చెప్పలేదు.

ఇదంతా రాసి, తప్పులుంటే దిద్దమని ఆయనకే చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ పని గురించి ఒక్క ముక్కయినా అంటాడని చూశాను. నోరూరుకోక నేనే అడిగాను.

"బాయిలరు మీద బెంగగా ఉందా తాతా?"

"ఉంది. అయితే ఏంటి? ఎనిమిదయింది, మాత్రకి నీళ్ళు తే."